పసుపు తడవకూడదని

ఎనభైల చివర్లో, డిగ్రీ చదివేటప్పుడు ఒకరోజు మబ్బు పట్టింది. వాకిట్లో ఎండబోసిన పసుపు తడవకూడదని నేను అద్దెకున్న ఇంటాయన నా గది ఖాళీ చేయించి బస్తాలు వేయించాడు.

ట్రంకుపెట్టెతో ఆర్మూర్ బస్టాండులో కూర్చున్నాను. పక్కన దొంకేశ్వర్ బస్సు కోసం చూస్తున్న రైతమ్మ, "ఏమైంది బిడ్డా?" అనడిగింది. చెప్పాను.

"పసుపు తడిస్తే ఖరాబైతది. నువ్వు తడిస్తే ఆరుతవ్ గద," అంది, ఓదార్పుగానే.

చినుకులు పడుతుంటే తన గోనెసంచి తీసి పెట్టె మీద కప్పింది. "పుస్తకాలుంటయి గద," అంది.

పసుపు అమ్ముడుపోయాక ఇంటాయన మళ్లీ పిలిచాడు. వెళ్లాను. అప్పట్నుంచీ కాలేజీలో, ఎవరో లేపుతారన్నట్టు, బెంచీ అంచునే కూర్చునేవాణ్ని.

ఇప్పుడు సొంత ఇంట్లోనూ అలాగే కూర్చుంటాను.