ముందు నువ్వు దిగు

ఆ ఆదివారం మా ఆయన, నేను, ఏడేళ్ల మా అమ్మాయి నల్లగొండ దగ్గర అడవి పార్కు చూసి, ఆ పక్కనే కాలువ కట్ట మీద నడిచాం. పార్కులో సీతాకోకచిలుకల వెంట పరుగెత్తిన పిల్లను, కట్ట ఎక్కాక నేను నా చెయ్యి కూడా వదలనివ్వలేదు. బోరు నీళ్ల ఊళ్లో పెరిగినదాన్ని. పారే నీళ్లంటే నాకు వణుకు.

తిరుగు బస్సులో కూడా అది ఏడుస్తూనే ఉంది.

"బిడ్డ ఎందుకేడుస్తాంది?" అని పక్క సీట్లోని నడివయసు ఆమె అడిగింది. జరిగింది చెప్పాను.

ఆమె కిటికీలోంచి చూస్తూ అంది: "మా ఊరికి కాలువొచ్చిన ఏడాదే మా చిన్నోడు అండ్ల పడి మునిగి సచ్చిపోయిండు. ఊరంత కట్ట మీదనే ఉన్నరు. ఒక్కరికన్న ఈత రాదు."

నేను అమ్మాయి మణికట్టును ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"గా ఎండకాలమే నేను బావిల దిగిన. తేలనీకి నడుముకు ఖాళీ డబ్బా కట్టుకొని ఈత నేర్చుకున్న. ఊరోళ్లు నవ్విన్రు. నవ్వనీ అనుకున్న. ఇప్పుడు మా ఊరి పోరగాండ్లకు నేనే నేర్పుతున్న."

అంటూనే, అమ్మాయి మణికట్టును పట్టుకున్న నా వేళ్లను ఒక్కొక్కటే మెల్లగా విప్పింది.

"ఎన్నొద్దులు పట్టుకుంటవ్ చెల్లె? ముందు నువ్వు దిగు. నిన్ను జూసి బిడ్డ దిగుతది."

నకిరేకల్‌లో ఆమె దిగిపోయింది. పేరైనా అడగలేదు.

ఆ వేసవిలోనే స్విమ్మింగ్ పూల్‌లో చేరాను. పిల్లలందరి మధ్య నేనొక్కదాన్నే పెద్దదాన్ని. ముక్కులోకి నీళ్లు పోయి దగ్గుతుంటే మా అమ్మాయి గట్టు మీద కూర్చుని పగలబడి నవ్వేది. ఒకరోజు నవ్వడం ఆపి, నన్ను అడక్కుండానే నీళ్లలోకి దూకింది.