కట్టెల కాంటా మీద బాపు

మా బాపు గూడ్సు బండి డ్రైవరు. నాచారంలో మేముండే రెండు గదుల ఇంటికి రైలు కూతలు వినపడేవి. వాటిలో మా బాపు బండి కూత ఏదో నేను గుర్తుపట్టగలనని బడిలో కోతలు కోసేదాన్ని. నిజానికి నాకు అన్నీ ఒక్కలాగే వినపడేవి. ఇంజన్ నడిపేవాడి కూతురు ఆ మాత్రం గొప్పలు చెప్పుకోకపోతే ఇంకెవరు చెప్పుకుంటారు?

దేశంలో కిలోల లెక్క కొత్తగా వచ్చిన రోజులవి. నాకు పద్నాలుగేళ్లు. ఈస్టరుకు ముందొచ్చే నలభై శ్రమల దినాలు మొదలవబోతున్నాయనగా రైల్వే డాక్టరు బాపును పరీక్ష చేసి, బరువు ఎక్కువైంది, బీపీ కూడా ఉంది, ఈస్టరు దాటాక మళ్లీ చూస్తాను, అప్పటికి ఎనభై కిలోలకు దిగకపోతే ఇంజన్ దింపి ఆఫీసులో కూర్చోబెట్టమని రాసేస్తాను అన్నాడట. బాపు ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా గడప మీద కూలబడ్డాడు.

"ఆఫీసుల కూసోని కాయిదాలు దిప్పాల్నట," అన్నాడు అమ్మతో. "ఇరవయ్యేండ్ల సంది ఇంజన్ మీదున్న. దిగి నేనెట్ల బతకాలె?"

అమ్మ మంచినీళ్ల చెంబు ఆయన ముందు పెట్టి, ఆయన మొహం వంక చూసింది. నాకు మాత్రం, అనకూడదు గానీ, లోపల సంబరంగా ఉంది. ఆ ఏడే మా బడిలో గృహవిజ్ఞానం పాఠాలు మొదలుపెట్టారు. శక్తినిచ్చే ఆహారం, శరీరాన్ని పెంచే ఆహారం, రోగాల నుంచి కాపాడే ఆహారం అని టీచరమ్మ రంగుల చార్టు తగిలించి చెప్పేది. 'క్యాలరీ' అనే మాట నేర్చుకుని వారం కూడా కాలేదు. దాన్ని ఎవరి మీదైనా ప్రయోగించాలని ఒకటే తహతహ. సరిగ్గా అప్పుడే బాపు దొరికాడు.

మర్నాడు బొగ్గు ముక్క పట్టుకుని వంటింటి గోడ దగ్గర నిలబడ్డాను. గంటెడు అన్నానికి ఒక గీత, రొట్టెకు ఒక గీత, పూటకు నాలుగు గీతలు దాటకూడదు అని చట్టం చేశాను.

"సున్నమేసి నెల గాలే! గోడంత ఖరాబు జేస్తవేందే?" అని అమ్మ అరిచింది.

"నీకు గోడ కావాల్నా, బాపుకు ఇంజన్ కావాల్నా?" అన్నాను.

అమ్మ నా వంక ఒక చూపు చూసి గంటె అందుకుంది. అప్పటిదాకా ఉజ్జాయింపుగా వడ్డించే మనిషి, ఆ రోజు నుంచి గంటె మీద గోపురంలా నిలిచిన అన్నాన్ని వేలితో చదును చేసి మరీ పెట్టింది. బాపు కంచం వంక చూసి నిట్టూర్చి తినేవాడు. నేను గీత గీసేదాన్ని. ఆ అధికారం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

ఇక బరువు చూడటం. మా ఇళ్ల దగ్గర మనిషిని తూచే మిషను ఎక్కడుంది? ఆదివారం ఆరాధన కాగానే ద్రాక్షతోటల పక్క బాటన ఉప్పల్ దాకా నడిచి కట్టెల అడితికి వెళ్లేవాళ్లం. అక్కడ కట్టెలు తూచే పెద్ద కాంటా ఉండేది. ఇనుప గొలుసులకు వేలాడే చెక్క పళ్లెంలో బాపు, చర్చి బట్టలు నలగకుండా సర్దుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. రెండో పళ్లెంలో అడితి సేటు ఒక్కొక్క రాయీ వేసేవాడు.

"పచ్చి కట్టెనా అన్నా, ఎండు కట్టెనా?" అని సేటు అడిగితే కట్టెలకొచ్చిన వాళ్లంతా పగలబడి నవ్వేవారు. బాపు మాత్రం గొలుసులు గట్టిగా పట్టుకుని, కదిలితే బరువు పెరుగుతుందన్నట్టు ఊపిరి బిగబట్టేవాడు. మొదటి ఆదివారం ఎనభై ఆరు. రెండో ఆదివారం ఎనభై అయిదు! నేను ఆ చెక్కపొట్టులోనే గంతులేశాను. సేటు కూడా "మస్తు ఎండుతున్నవన్నా" అని భుజం తట్టాడు.

మూడో ఆదివారం ఎనభై ఏడు.

నేను నమ్మలేదు. సేటును రాళ్లు మార్చి వేయమన్నాను. మళ్లీ అంతే. బాపు మొహం నల్లబడిపోయింది.  ఇల్లు చేరగానే నేను అమ్మ మీద పడ్డాను.

"గీతలన్ని సక్కగనే ఉన్నయ్. నువ్వే సాటుకు నెయ్యి పోస్తున్నవ్!"

"నా మీదికెందుకొస్తవే? నెయ్యి గిన్నె అట్నే ఉంది, పోయి సూస్కో," అంది అమ్మ. వెళ్లి చూశాను. ఎక్కడి నెయ్యి అక్కడే పేరుకుని ఉంది.

గుట్టు శుక్రవారం బయటపడింది. శ్రమల దినాల్లో శుక్రవారమల్లా ఉపవాస ప్రార్థన. ఆ వారం మా ఇంట్లోనే జరిగింది. బాపు పొద్దుటి నుంచి పచ్చి గంగ ముట్టలేదు. ప్రార్థన అయ్యాక అందరికీ ఉప్మా, అరటిపండ్లు, బన్ను, చాయ్. బాపు ఉప్మా రెండుసార్లు పెట్టించుకున్నాడు. అందరూ వెళ్లాక నేను బొగ్గు తీస్తే ఆయన చిన్నబుచ్చుకున్నాడు.

"గీత గీస్తవేందిరా బిడ్డా? ఇయ్యాల నాకు ఉపాసం గద?"

"మరి ఉప్మా?"

"అది టిఫిను. అన్నం గాదు గద!"

బొగ్గు నా చేతిలోనే ఉండిపోయింది. అబద్ధం ఆడే మనిషి కాదాయన. మనస్ఫూర్తిగా ఆ మాట అంటున్నాడు. నేను మాత్రం ఇన్నాళ్లూ ఏమని అడిగాను? డ్యూటీ దిగి రాగానే "అన్నం తిన్నవా బాపూ?" అని. "లేదు" అనేవాడు. గోడ ఖాళీగా ఉంచేదాన్ని. అన్నమే తిండి మా ఇంట్లో, తక్కినవన్నీ ఊరికే నోట్లో వేసుకునేవి!

"టిఫినంటె ఇంకేమేం తింటవ్?" అన్నాను.

ఆయన ఏమీ దాచకుండా చెప్పుకుపోయాడు. గూడ్సు బండి కదా, ప్యాసింజరుకు దారి ఇస్తూ ప్రతి స్టేషన్లో ఆగుతుంది. ఘట్‌కేసర్‌లో మిరపకాయ బజ్జీలు. భువనగిరిలో చాయ్, అందులో ముంచుకోవడానికి డబల్ రొట్టె. ఆలేరులో పల్లీలు. జనగామలో పూరీలు, అదీ ఇంటి రొట్టెలు తిని చెయ్యి కడుక్కున్నాక ఎవరో బలవంతపెడితేనే. వింటూ వింటూ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి ఆపుకోలేక పకపకా నవ్వేసింది. బాపు ముందు బిత్తరపోయి, తర్వాత ఆయనా నవ్వాడు. కన్నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం.

ఆ రాత్రే చట్టం మార్చాను. మంచినీళ్లు తప్ప నోట్లోకి పోయే ప్రతిదానికీ గీత. ఇక చూడాలి బాపు హుషారు! ఆట పట్టుబడ్డట్టయింది ఆయనకు. డ్యూటీ నుంచి వచ్చి ఇంకా మొహం కడుక్కోకుండానే, సిగ్నళ్లు ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్పేవాడు. "ఘట్‌కేసర్, ఒక చాయ్, సక్కెర లేదు. భువనగిరి, సగం దోసకాయ. ఆలేరు, ఏం లేదు. జనగామ, పూరీల దిక్కు సూడనన్న సూడలే!" నేను గీతలు గీస్తుంటే గోడ నల్లబడుతోంది, కాంటాలో రాళ్లు తగ్గుతున్నాయి. ఎనభై అయిదు, ఎనభై మూడున్నర, ఎనభై రెండు. ఆదివారం కోసం శనివారం నుంచే నాకు కాలు నిలిచేది కాదు.

ఈస్టరు వెళ్లింది. పరీక్షకు వారముందనగా ఇంకా కిలో మిగిలింది. అసలేమీ తినకుండా ఉంటానన్నాడు బాపు. నేను సరేనన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"తినకుంట ఇంజన్ ఎక్కితె కండ్లు తిరుగుతయ్. ఉన్న గీతలు తిను," అని కంచం ముందుకు జరిపింది.

పరీక్ష రోజు నేను బడి ఎగ్గొట్టి వాకిట్లోనే తిరిగాను. సాయంత్రం బాపు వీధి మలుపు తిరుగుతూనే రెండు చేతులూ పైకెత్తి అరిచాడు.

"పాసయిన! ఎనభైకి ఇంకా అర్ధకిలో తక్కువే ఉన్న!"

నేను వీధంతా వినపడేలా కేకపెట్టి పరుగెత్తాను. ఆయన నన్ను గిరగిరా తిప్పాడు. ఇద్దరం లోపలికి వచ్చి చూస్తే అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తోంది.

"ఏందే? సంతోషపడతవనుకుంటె ఏడుస్తవేంది?" అన్నాడు బాపు.

"ఒక మాట చెప్త, కోపం జెయ్యకు," అంది అమ్మ. "నిన్ను దింపుతరని చెప్పిననాడు నా పానం నిమ్మలమయింది. ఇగ రాత్రిపూట ఇంట్ల ఉంటవనుకున్న. నువ్వు బండి మీద పోయినప్పుడల్ల, మళ్ల తలుపు కొట్టేదాంక నాకు నిద్రుండదు. దింపాలెనని ప్రార్థన జేసిన."

 గంటె ఉన్నది ఆమె చేతిలో. రోజూ ఒక్క చెంచా నెయ్యి వేస్తే ఆమె కోరుకున్నది జరిగిపోయేది.

"మరి నెయ్యి ఎందుకు ఎయ్యలేదమ్మా?" అన్నాను.

"గడప మీద కూసున్ననాడు మీ బాపు మొఖం సూసినవా? గా మొఖం రోజు సూసుడు నాతోని గాదు."

బాపు వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.  తర్వాత మెల్లగా, "రేపు తెల్లారకముందె బండి ఉంది," అన్నాడు.

"ఎరుకే," అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ. "రొట్టెలు జేసి కడ్త. రెండే."