పుల్లీ మీద తప్పుడు గీత

మా నాయన వదిలిపోయిన పెట్రోలు జీపును అమ్మాలని మా ఆయన పట్టుబట్టారు. లేపాక్షిలో ఒక హోటల్ యజమానితో బేరం కుదిరింది. బండి చూపించడానికి ఆదివారం రమ్మన్నారు. ముందురోజు మధ్యాహ్నం ఇంజన్ సరిచూడటానికి మా ఊరి మెకానిక్ రాకముందే, బండి అమ్ముడుపోకూడదని నేనొక పాపం చేశాను. ఇంజన్ ముందుండే పుల్లీ మీద ఒక గాటు ఉంటుంది. నిప్పురవ్వ సరైన క్షణంలో పడుతోందో లేదో దాన్ని బట్టే చూస్తారు. గాటును గ్రీజుతో కప్పేసి, రెండు వేళ్ల ఎడంలో తెల్ల పెయింటుతో గీత గీశాను. మెకానిక్ ఆ గీతనే నమ్మి టైమింగ్ పెట్టేశాడు.

ఉదయం ఆరున్నరకు అనంతపురంలో బయలుదేరాం. మరూరు టోల్‌గేటు దాటాక బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. పెనుకొండ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టరు కూడా మమ్మల్ని దాటిపోయింది. మా ఆయన ముఖం కంటే ఇంజన్ వేడిగా ఉంది. తొమ్మిదిన్నరకు సోమందేపల్లెలో ఒక షెడ్డు ముందు ఆపాం.

మెకానిక్ ఓబులేసుకు అరవై ఏళ్లుంటాయి. మొదటి ప్లగ్గు విప్పి, లోపల పిస్టన్ ఎంత లేస్తోందో తెలియడానికి ఆ రంధ్రంలో సన్నటి పుల్ల పెట్టి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పించాడు. పుల్ల పూర్తిగా పైకి లేచిన చోట ఆపి, కిరోసిన్ గుడ్డతో పుల్లీని తుడిచాడు. అసలు గాటు బయటపడింది.

"ఏమప్పా, ఈ తెల్లగీత ఎవురు గీసినారు?"

"నాకేం తెలుసన్నా! తెలియనోడెవడో గీసింటాడు," అన్నారు మా ఆయన.

"తెలియనోడు ఇంత సూటిగా గీయడులే," అంటూ నా వైపు చూశాడు ఓబులేసు. నేను రోడ్డు మీది లారీలను చూశాను.

గాటులో సుద్దముక్క రుద్ది, ఇంజన్ స్టార్టు చేసి, నిప్పురవ్వ పడినప్పుడల్లా మెరిసే టైమింగ్ లైటు పట్టాడు. ఆ మెరుపుల్లో, గిర్రున తిరుగుతున్న పుల్లీ ఆగినట్టే కనిపించింది. ప్లగ్గులకు నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటరును కొంచెం తిప్పగానే ఇంజన్ గొంతు మారిపోయింది. నా ఎత్తు చిత్తయింది.

హిందూపురం మీదుగా లేపాక్షికి జీపు దూసుకుపోయింది. మా ఆయన ఈల వేస్తున్నారు. నాకు ఏడుపొస్తోంది.

పదకొండుంబావుకు హోటల్ యజమాని బండి చుట్టూ తిరిగాడు. మా ఆయన బానెట్ ఎత్తి, "ఇంజన్ చూడండి," అన్నారు.

"ఇంజనెందుకప్పా? దాన్ని పీకేసి బండిని ఆ అరుగు మీద నిలబెడతాం. వచ్చినోళ్లు ఫొటోలు తీసుకుంటారు."

మా ఆయన బానెట్ దించేశారు. తర్వాత చాలా విచారంగా, "మా ఆవిడ ఒప్పుకోవడం లేదండీ," అన్నారు. నేనప్పటిదాకా నోరే విప్పలేదు!

పెద్ద నందిని చూసి, అక్కడే భోజనం చేసి, రెండింటికి తిరుగుప్రయాణమయ్యాం. సోమందేపల్లె దాటాక ఉండబట్టలేక గీత సంగతి చెప్పేశాను. ఆయన జీపు పక్కకు ఆపారు. దిగి, బానెట్ ఎత్తి చాలాసేపు లోపలికే చూశారు.

"ఇదంతా నీకు మీ నాయన నేర్పినాడా?"

"ఊఁ."

"అల్లుడికి ఎందుకు నేర్పలేదంట?"

"మీరు అడగలేదంట."

అనంతపురం దాకా నాతో ఒక్క మాట లేదు. ఈ దారిలో పాత బండితో వెళ్లేవాళ్లు ముందురోజే టైమింగ్ చూపించుకోండి. పుల్లీ మీద గీత ఎవరు గీశారో కూడా కనుక్కోండి. మా ఆయన మాత్రం అలకలో ఉండి కూడా, దారిలో కనిపించిన ప్రతి ట్రాక్టరునూ హారన్ కొట్టి మరీ దాటారు.