గోగు ఆగదు

వానకు తడిసిన గోనెసంచి వాసన తగిలితే ఇప్పటికీ నాకు నాన్న గుర్తొస్తాడు.

అప్పుడు ఎస్సెల్సీ చదువుతున్నాను. కాలేజీలో సీటు కావాలంటే మార్కులొక్కటే చాలవు, ఆటలైనా నాటకాలైనా ఉండాలన్నారు మాస్టారు. నాటకంలో వేషం అడిగి తీసుకున్నాను. ఆదివారం రిహార్సలు. ఆ పూట నాన్నా నేనూ గెడ్డలో నడుంలోతు వాగునీళ్లలో నిలబడి, నానిన గోగుకట్టల నుంచి గోనెసంచులు నేసే నార ఒలుస్తున్నాం. రిహార్సలుకి బళ్లో గంట కొట్టారు.

"నాన్నా, ఎల్లనా?"

"ఇయ్యాల ఒలవకపోతే నార కుళ్లిపోతాదమ్మా. గోగు ఆగదు."

ఇక నాకు కాలేజీ లేదనుకుని ఏడ్చాను. ఏడుస్తూనే నా వేషం మాటలన్నీ ఆయనకే అప్పజెప్పాను. "ఊఁ, తరవాతేటి?" అంటూ ఒలుస్తూనే ఉన్నాడు.

ఆ నార అమ్మిన డబ్బుతోనే నన్ను కాలేజీలో చేర్చాడు. అక్కడ నాటకం ఊసే ఎవరూ ఎత్తలేదు. ఆ మాటలు నాకింకా నోటికొచ్చు. తరవాతేటి అని అడగడానికి నాన్నే లేడు.