జడ్జి తల్లి

"మీవాళ్లకి చాలా చోటిచ్చాం బామ్మగారూ. మా సినిమాలో రౌడీ మీవాడే, వాడి తమ్ముడూ మీవాడే. ఆఖరికి శవానిది కూడా మీ యాసే," అన్నడు డైరెక్టరు.

"శవానికి యాసేంది?"

"చచ్చేముందు రెండు ముక్కలు మాట్లాడతాడండి."

"మరి జడ్జి?"

"జడ్జి మామూలుగా మాట్లాడతాడు."

"మామూలంటే ఎవలసొంటి మాట? నా నోట్లెకెళ్లి వచ్చేది మామూలు కాదా?"

చిక్కడపల్లిల మా ఇల్లు పాతది. ముందటి హాలు అచ్చం జడ్జి ఇల్లు లెక్కున్నదని షూటింగుకు అడిగిండ్రు. నా మొఖం గూడ కటువుగ ఉన్నదని జడ్జి తల్లి వేషం నన్నే వెయ్యమన్నరు. ఒక్కటే మాట చెప్పాలె. "న్యాయం చెయ్యి బిడ్డా, ఎవలకూ భయపడకు" అన్న. అట్ల కాదట. "న్యాయం చెయ్యి నాయనా, ఎవరికీ భయపడకు" అనాల్నట. కొట్లాట అక్కడ మొదలైంది.

పై పోర్షన్ల కిరాయికుండే గుంటూరామెకు రౌడీ తల్లి వేషం దొరికింది. పొద్దటి నుంచి మెట్ల మీద కూసోని, "గన్నం గతిన్నవా గబిడ్డా" అని ఒకటే వల్లె వేసుడు.

"అదేం భాష వదినా?" అన్న.

"మీదేగా! మాటకో 'గ' తగిలిస్తే సరిపోతుందని డైరెక్టరుగారు చెప్పారు వదినా."

నాకు నవ్వు రాలేదు. నా మనుమరాలు జడ్జి పరీక్షకు చదువుతున్నది, అశోక్‌నగర్ల కోచింగు. మొన్న అక్కడి సారు, "ఇంటర్వ్యూలో ఈ మాటతీరు మార్చుకో, లేకుంటే లెక్కచేయరు" అన్నడట. అప్పటికెళ్లి పొల్ల ఇంట్ల గూడ తూచి తూచి మాట్లాడుతున్నది. నన్నే "తిన్నారా మీరు" అనబట్టె, చుట్టాన్ని అడిగినట్టు. సినిమల జడ్జయినా మాలెక్క మాట్లాడితే దానికి జర ధైర్యమొస్తదని నా పట్టుదల.

"జడ్జి మాట మారిస్తేనే హాలు తాళం తీస్త" అని చెప్పి, పట్టపగలు వాళ్లు వేసిన లైటు బుగ్గలన్నీ ఆర్పేసి, హాలుకు తాళమేసిన.

డైరెక్టరు వాకిట్ల నిలబడి ఎవరెవరికో ఫోన్లు చేసిండు. నవ్వుకుంట వచ్చిండు.

"ఎవరి మనసూ నొప్పించని దారి దొరికింది బామ్మగారూ. జడ్జిగారి తల్లి చనిపోయింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. గోడకి మీ ఫొటో పెట్టి దండ వేస్తాం. ముక్కుపుడక, కట్టూబొట్టూ అన్నీ మీవే. ఏ ప్రాంతమో చూడగానే తెలిసిపోతుంది."

"అయ్యో, బతికున్న మనిషికి దండేమిటండీ!" అని గుంటూరామె చెంపలేసుకున్నది.

నా పరేషాని వేరే. "దండ గుడ్డది తెండ్రి. చచ్చినోళ్లకేసిన పూలు దేవునికి పనికిరావు, పారేసుడు దండుగ. నేను సచ్చినా సరే గని, నా కొడుకు మాత్రం నాలెక్కనే మాట్లాడాలె."

"చూద్దామండి" అన్నడు. తాళం తీసిన.

తెల్లారి నా ఫొటో గోడకెక్కింది. నారాయణగూడల కొన్న గుడ్డపూల దండ వేసిండ్రు. జడ్జి వేషమాయన చేతులు జోడించి, "అమ్మా, మీరు చెప్పినట్టే న్యాయం చేస్తానమ్మా" అన్నడు.

"నా కొడుకు గిట్ల మాట్లాడడు!" అన్న కెమెరా ఎనుకకెళ్లి.

షాటు పాడైంది. మళ్లా తీసిండ్రు, మళ్లా అన్న. ఆ తర్వాత ఆయన ఫొటో దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, ఏం మాట్లాడకుండ దండం పెట్టిండు. డైరెక్టరు ఓకే అన్నడు.

"ఆయనకు మాట నేర్పబోయి నోరే మూయించినవు గదా నాయినమ్మా!" అని షూటింగు చూస్తున్న మనుమరాలు బ్యాగు తగిలిచ్చుకోని, నవ్వుకుంట క్లాసుకు పోయింది.