తోటకూర ముగ్గు

నా చిన్నప్పుడు, ఒకరోజు పొద్దున ఐదూ నలభైకి, మా అమ్మ కొబ్బరి ఈనెల పొరక నా చేతికిచ్చి వాకిలి ఊడ్చి రమ్మంది. రోజూ చెప్పే మాటే. టైము ఎందుకు గుర్తుందంటే, మా నాన్న డ్యూటీకి గడప దాటేది సరిగ్గా అప్పుడే.

బిట్రగుంట రైల్వే కాలనీలో మా క్వార్టర్ల వరసకూ ఎదుటి వరసకూ నడుమ కొంత ఖాళీ నేల ఉండేది. ప్రతి ఏడూ పెద్ద వానలు తెరిపిచ్చాక అక్కడ ఆడవాళ్లంతా కలిసి తోటకూర ముగ్గు వేసేవాళ్లు. తోటకూర విత్తనాలు మరీ సన్నవి కాబట్టి ఇసకలో కలిపి చల్లుతారు. ఆ ఇసకను చల్లకుండా, వేళ్ల సందున వదులుతూ ముగ్గులా గీయొచ్చని కనిపెట్టింది మా పక్కింటి అక్క. వాళ్లు ముస్లింలు. వాళ్లింటి ముందు ముగ్గు వేసే అలవాటే లేదు. దర్జీల ఇంట్లో పెరిగిన మనిషి గనక ఆమె గీత ఎక్కడా వణికేది కాదు. పచ్చ తోటకూర, ఎర్ర తోటకూర, రెండు రంగులు. ఎవరింటి ముందు భాగం వాళ్లది. వారం తిరిగేసరికి ముగ్గు మొలిచేది.

ఆ ఏడు మా భాగం నాకిమ్మని అక్కే మా అమ్మను అడిగింది. ఎదురింటి పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"చంటిపిల్లకు విత్తనాలిస్తే నేలపాలే."

"నేలపాలు చేసేదానికే గదా పెద్దమ్మా ఇచ్చేది" అని అక్క నవ్వింది. "చెడగొడితే మళ్లీ ఎప్పుడూ ఇయ్యొద్దులే."

ఆ సాయంత్రం నేను ఒక చేపను గీశాను. తోక కొంచెం పెద్దదైంది గానీ చేపే.

మొదట చెప్పిన పొరక సంగతి ఆ మర్నాడు పొద్దున జరిగింది. నిన్నటి ముగ్గును ఊడ్చి కొత్తది వేయడం మా ఇళ్లలో రోజూ ఉండే పనే. నిద్రమత్తులో అదే అలవాటుగా, గడప ముందు మొదలుపెట్టి చేపతో సహా ఊడ్చేశాను. వెలుగొచ్చాక చూసుకుంటే నేల శుభ్రంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఆరు రోజులు అందరితో పాటు చెంబుతో నీళ్లు చిలకరిస్తూ, మా భాగం బోడిగా మిగిలిపోతుందని, ఇంక నాకు ఎన్నటికీ విత్తనాలు ఇవ్వరని లోలోపల ఏడ్చాను.

ఏడో రోజు పెద్దమ్మ మా ఇంటి ముందు నిలబడి కేక పెట్టింది. "ఇదేంది మే! చేప ఏదీ?"

పరిగెత్తి చూశాను. నేల బోడిగా లేదు. పొరక తిరిగిన చోటల్లా, ఒకదాని వెనక ఒకటి, వంపు వంపుగా మొలకలు లేచాయి. ఈనెలు గీసిన చాళ్లలో విత్తనాలు పడినట్టున్నాయి.

"అలలు పెద్దమ్మా" అంది అక్క. "చేప అడుగున ఉంది. పిలిస్తే వస్తది, ఆగు."

ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. పెద్దమ్మ కూడా. నేను అక్క కొంగు పట్టుకుని, నేనే ఊడ్చేసినానని గొణిగాను.

"తెలుసు మే. ఆ పొద్దుటే పొరక గీతలు చూసినా."

"మరి చెప్పలేదేమక్కా?"

"చెప్తే నువ్వు చెరిపి మళ్లీ గీసుంటావు. ఏం మొలుస్తదో నాకూ చూడాలనిపించింది."

అని నా గుప్పిట్లో మెంతులు పోసింది. అలల నడుమ మళ్లీ చేపను వేశాను. ఈసారి తోక సరిగ్గా కుదిరింది. నాలుగు రోజుల్లో అది పైకి తేలింది. చూడ్డానికి అవతలి వీధి వాళ్లు కూడా వచ్చారు. ఆకు చేతికొచ్చాక అన్ని భాగాలూ కోసి, ఒకే గుండిగలో పప్పు వండారు. నా చేపను నేనే కోశాను, బాధపడకుండా. చేపకూర ఇంత చేదుగా ఉంటుందని తెలీదని పెద్దమ్మ అంది, రెండోసారి వడ్డించుకుంటూ. మరుసటి ఏడు నా విత్తనాలు నాకు తెచ్చిచ్చింది ఆమే.

అక్క మొన్నటి వేసవిలో చనిపోయింది. కుట్టు వంకరపోయినా, మనిషితో మాట చెడినా నేను వెంటనే చెరిపి మొదటికి రాను. ఒక వారం చూస్తాను. చాలాసార్లు ఏమీ మొలవదు. కొన్నిసార్లు మొలుస్తుంది.

ఆ రెండు వరసల నడుమ ఇప్పుడు సిమెంటు పరిచారు. తోటకూర ముగ్గు ఎవరూ వేయడం లేదు.