మా ఏట్లో నీళ్ళు లేవని రాసిన పంతులమ్మ

మా చిన్నప్పుడు... మద్రాసు నుంచి వచ్చిన కొత్త పంతులమ్మ ఎద్దులబండి దిగీ దిగగానే మా ఏటి వైపు చూసి నవ్వింది. "దీన్నా మీరు ఏరంటారు? నీళ్ళేవీ?"

చుట్టూ నిలబడ్డ పెద్దలంతా ఆమెతో పాటు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది... కానీ తొమ్మిదేళ్ళ పిల్లని, ఏం చేస్తాను?

మాది కాణిపాకం దగ్గర ఏటిగట్టున ఒక చిన్న ఊరు. యుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. పూతలపట్టు దాకా ఆ పొగబస్సులో వచ్చి, అక్కడి నుంచి బండి కట్టించుకుని రావాలి. అంత దూరం ఏ పంతులమ్మ వస్తుంది? వచ్చిన ఇద్దరూ నెల తిరక్కుండానే వెళ్ళిపోయారు.

మగ అయివారి దగ్గరికి ఎదిగే ఆడపిల్లల్ని మా ఊళ్ళో పంపేవారు కాదు. "పంతులమ్మ ఉంటే బడికి పో... లేకుంటే సెనక్కాయ చేన్లో కలుపుకు పో" అని నాయన తేల్చి చెప్పేశాడు. నాకేమో చదువంటే ప్రాణం. చిన్నపిల్లనని మూడో తరగతి దాకా అయివారి దగ్గరే చదవనిచ్చారు. నాలుగూ అయిదూ చదవాలంటే ఈమె ఊళ్ళో నిలవాలి.

నాలాంటి ఆడపిల్లలు ఊళ్ళో ఇంకా ఉన్నారు. అందుకే మునసబు అందరినీ పిలిచి గట్టిగా చెప్పాడు. "ఆమె ఏమన్నా అవునని తల ఊపండప్పా. ఎదురు చెప్తే ఈమె గూడా మూట కట్టేస్తాది."

ఇక చూడండి మా వాళ్ళ వైభోగం! "ఇక్కడ ఎండ ఎక్కువ" అని ఆమె అంటే, "అవునమ్మా, మాడి సస్తా ఉండాము" అనేవారు. "ఈ సంగటి ఎలా తింటారండీ?" అంటే, "గతిలేక తింటా ఉండామమ్మా" అనేవాళ్ళు... పూటకు రెండు ముద్దలు లాగించే మనుషులు! నేనూ ఊపాను తల. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అన్నిటికన్నా ఘోరం నీళ్ళ సంగతి. మేమందరం తాగేది ఏటి నీళ్ళే. పైన ఇసకే కనిపిస్తుంది గానీ, చేతులతో ఇంత లోతు తవ్వితే ఊట వస్తుంది. దాన్నే చెలమ అంటాం. అయితే, ఇసకలో తోడుకునే నీళ్ళు మద్రాసు ఆమెకు ఇస్తే నామోషీ కదా అని, మునసబు తన తోట బావి నీళ్ళు కావడితో పంపించేవాడు. గొప్పింటి బావి... నీళ్ళు మాత్రం ఉప్పన. పాపం, ఆమె ముఖం చిట్లించుకుంటూ అవే తాగేది. "మంచినీళ్ళే దొరకవా ఇక్కడ?" అని అడిగితే అందరిదీ ఒకటే మాట, "యాడివమ్మా నీళ్ళు!"

పదిహేను రోజులకే, ఒక సాయంత్రం, ఆమె కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చిత్తూరు బస్సు ఎప్పుడని నాయనను అడిగింది. ఎందుకమ్మా అంటే ఆ కాగితం చదివి వినిపించింది. బదిలీ కోసం అర్జీ! "ఈ ఊళ్ళో తాగడానికి నీళ్ళు లేవు. ఈ మాట ఊరివాళ్ళే ఒప్పుకున్నారు" అని రాసుకుంది.

వాకిట్లో సెనక్కాయలు ఒలుచుకుంటున్న మా అవ్వ, నాయన వాళ్ళమ్మ, చాట పక్కన పెట్టి లేచింది. "పొద్దున్నే రా అమ్మణ్ణీ. ఏట్లోకి పోదాము. ఆ తర్వాత పంపించుకో నీ కాగితం."

తెల్లవారగానే ముగ్గురం వెళ్ళాం. అవ్వ ఇసకలో కూర్చుని మోచేతి లోతు తవ్వింది. మట్టినీళ్ళు ఊరాయి. "ఇవా?" అని పంతులమ్మ మూతి విరిచింది.

"తొందరపడితే బురదే తాగతావు. సూస్తా ఉండు" అని అవ్వ కొబ్బరిచిప్పతో మూడుసార్లు తోడి పారబోసింది. నాలుగోసారి ఊరిన నీళ్ళలో అడుగున ఇసక రేణువులు లెక్కపెట్టొచ్చు! పంతులమ్మ ఒక చిప్ప తాగింది. ఇంకొకటి తాగింది. మూడోది తనే వంగి ముంచుకుంది.

"ఇంత తియ్యటి నీళ్ళు పెట్టుకుని నాకు ఆ ఉప్పునీళ్ళు ఎందుకిచ్చారు అవ్వా?"

"సిగ్గుపడి ఇచ్చినారు. అది మావోళ్ళ తప్పు. నువ్వు పోవాలంటే పో... మా పాప సదువు నిలిచిపోయినా సరే, నిన్ను బతిమాలను. మా ఏట్లో నీళ్ళు లేవని మాత్రం రాయొద్దు. ఆ అబద్ధం కాగితం మీద ఉండకూడదు."

ఒక్క మాటతో నా చదువు వదిలేసింది అవ్వ! అయినా ఆ క్షణంలో నాకు కోపం రాలేదు... ఎన్నడూ లేనంత గర్వం వచ్చింది.

నీళ్ళ మాట కొట్టేస్తే ఇంకేం రాయాలో పంతులమ్మకు తోచలేదేమో, ఆ అర్జీ చిత్తూరు చేరలేదు.

రెండేళ్ళున్నదండీ మా ఊళ్ళో! ఎండను తిట్టడం మానలేదు. మా వాళ్ళు మాత్రం తల ఊపడం మానేశారు. ఆమె ఒకటంటే వీళ్ళు రెండనేవారు. అలా పోట్లాడుకుంటూనే ఆమె మా మనిషైపోయింది.

ఇప్పుడు ఆ ఏట్లో ఇసక కూడా లేదు. లారీలు ఎత్తుకుపోయాయి... ఇంటింటికీ నీళ్ళ డబ్బాలు వస్తున్నాయి. అది నాకు బాధ. అంతకన్నా మంట ఏమిటంటే, బయటికి వెళ్ళిన మా ఊరి పిల్లలే "మాది ఏమీ లేని ఊరు" అని నలుగురిలో నవ్వుతూ చెప్పుకోవడం. మీ ఊరిని తక్కువ చేస్తే ఊరుకోని మనిషి మీ ఇంట్లో ఎవరుండేవారు? రాయండి, చదువుతాను.

మా పిల్లల్ని మాత్రం ఒకటే అడుగుతాను... ఏమీ లేని ఊరైతే, ఈ ముసలిదానికి ఈ నాలుగు ముక్కలు రాయడం ఎక్కడ వచ్చిందిరా?